స్కానర్‌ను పట్టుకునే మనిషిని అడిగి తయారుచేయండి

సంపాదకులకు,

అయ్యా,

గిడ్డంగుల ఆధునికీకరణ గురించి పత్రికల్లో వచ్చే రాతలు ఎక్కువగా రోబోల చుట్టూ, కృత్రిమ మేధ చుట్టూ తిరుగుతున్నాయి. వాటితో నాకు పేచీ లేదు. అయితే సరుకు లోపలికి వచ్చినప్పటి నుంచి లారీ ఎక్కేదాకా దాదాపు ప్రతి కదలికనూ లెక్కలోకి ఎక్కిస్తున్నది ఇప్పటికీ ఒక మనిషి చేతిలోని స్కానరే. ఆ స్కానర్‌ను, అందులో నడిచే సాఫ్ట్‌వేర్‌ను ఎవరిని అడిగి రూపొందిస్తున్నారన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినిపించదు. సరుకు లెక్కల విభాగంలో పనిచేస్తున్నవాడిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. అరలో ఉన్నది ఉన్నట్టు చెప్పడానికి కార్మికుడికి సులువైన దారి స్కానర్‌లో లేకపోతే, వెనకాల ఎంత ఖరీదైన వ్యవస్థ ఉన్నా దాని లెక్కను నమ్మలేం. స్టాక్ తేలనప్పుడల్లా కార్మికుల అజాగ్రత్తను వేలెత్తి చూపడం యాజమాన్యాలకు అలవాటైపోయింది. ఆ తేడాల్లో చాలా వాటికి పరికరాన్ని రూపొందించిన తీరే మూలమని నా అభిప్రాయం.

బార్‌కోడ్‌ను మొదట ఊహించింది దుకాణపు బిల్లింగ్ కౌంటర్ కోసం. 1952లో అమెరికాలో నార్మన్ వుడ్‌లాండ్, బెర్నార్డ్ సిల్వర్‌లకు దాని మీద పేటెంట్ దక్కింది. 1974 జూన్ 26న ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ పట్టణంలో, ఒక సూపర్‌మార్కెట్‌లో చూయింగ్ గమ్ ప్యాకెట్‌ను స్కాన్ చేయడంతో నేడు మనం సరుకుల మీద చూస్తున్న యూపీసీ అనే బార్‌కోడ్ గీతల ప్రస్థానం మొదలైంది. కౌంటర్ దగ్గర స్కానర్ కదలదు, వస్తువే దాని ముందుకు వస్తుంది, వెలుతురు నిండుగా ఉంటుంది, ఏదైనా తేడా వస్తే పిలవడానికి పక్కనే మరో మనిషి ఉంటాడు. గిడ్డంగిలో ఈ పరిస్థితులన్నీ తారుమారవుతాయి. అయినా కౌంటర్‌కు సరిపోయిన ఊహలనే గిడ్డంగి పరికరాలు చాలాకాలం మోస్తూ వచ్చాయి, కొన్ని ఇప్పటికీ మోస్తున్నాయి.

కార్మికుడి ఇబ్బందిని పట్టించుకుంటే ఏమవుతుందో చెప్పడానికి ఈ రంగంలోనే మంచి ఉదాహరణ ఉంది. జపాన్‌లో వాహన విడిభాగాలు తయారుచేసే డెన్సో సంస్థలో ఒక్కో పెట్టె మీద అనేక బార్‌కోడ్లు ఉండేవి. వాటన్నిటినీ ఒకదాని తరువాత ఒకటి స్కాన్ చేయలేక కార్మికులు అలసిపోయేవారు. ఆ ఇబ్బందిని తీర్చే ప్రయత్నంలోనే మసాహిరో హారా బృందం 1994లో క్యూఆర్ కోడ్‌ను తయారుచేసింది. మూలల్లోని మూడు చదరాల వల్ల స్కానర్‌ను ఏ కోణంలో పట్టుకున్నా అది చదువుతుంది. అత్యధిక రక్షణ స్థాయిలో ముద్రిస్తే దాదాపు 30 శాతం వరకు మాసినా చెరిగినా సమాచారం తిరిగి దక్కుతుంది. ఫ్యాక్టరీలో చేతులకు నూనె మరకలుంటాయని, లేబుళ్లు మాసిపోతాయని ముందే ఊహించి చేసిన ఏర్పాటు అది. ఈ రోజు డబ్బు చెల్లింపులకు ప్రపంచమంతా వాడుతున్న ఈ గుర్తు పుట్టింది పెట్టెల ముందు నిలబడి విసిగిపోయిన మనుషుల అవసరంలోంచి.

పరికరం సంగతికి వస్తాను. గిడ్డంగిలో పికింగ్ చేసే, అంటే ఆర్డర్ ప్రకారం అరల్లోంచి సరుకు ఏరే మనిషి ఒక చేత్తో ట్రాలీ తోస్తూ, ఇంకో చేత్తో స్కానర్ పట్టుకుని నడుస్తాడు. పెట్టె దించాలంటే స్కానర్‌ను ఎక్కడో ఒకచోట పెట్టాలి, దించాక మళ్ళీ తీసుకోవాలి. ఒక్కోసారికి రెండు మూడు సెకన్లే కావచ్చు. షిఫ్ట్ పూర్తయ్యేసరికి అది వందల సార్లు జరుగుతుంది. ట్రిగ్గర్ నొక్కే చూపుడువేలు, బరువు మోసే మణికట్టు షిఫ్ట్ చివరికి ఏ స్థితిలో ఉంటాయో కొనుగోలు పత్రాల్లో ఎక్కడా రాసి ఉండదు. వేలికి తొడుక్కునే రింగ్ స్కానర్లు, చేతి వెనుక బిగించుకునేవి ఈ ఇబ్బందిని చాలావరకు తగ్గించాయి. అలాగని వాటిని అందరికీ ఒకే మందులా పంచడమూ పొరపాటే. చిన్న వస్తువులు ఏరేవారికి రింగ్ హాయిగా ఉంటుంది, ఫోర్క్‌లిఫ్ట్ మీద కూర్చుని పై అరలోని లేబుల్ చదవాల్సినవారికి దూరం నుంచి చదవగలిగే పిడి స్కానరే కావాలి. ఎడమచేతి వాటం ఉన్నవారి సంగతి చాలా చోట్ల పరికరం చేతికొచ్చాక గానీ గుర్తుకు రాదు. ఒకరి చెమటతో తడిసిన పట్టీని తరువాతి షిఫ్ట్‌వారు తొడుక్కోవాల్సి రావడం కూడా రూపకల్పన లోపమే. పట్టీ ఎవరిది వారికి విడిగా ఇవ్వడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

శీతల గిడ్డంగుల్లో ఈ కష్టం రెట్టింపవుతుంది. సున్నాకు దిగువన 20 డిగ్రీల చలిలో మందమైన చేతితొడుగులు తప్పనిసరి, ఆ తొడుగులతో మామూలు టచ్ తెర పనిచేయదు. లోపలి నుంచి బయటికి రాగానే స్కానర్ అద్దం మీద ఆవిరి పేరుకుని లేబుల్ చదవడం ఆగిపోతుంది. చలికి లిథియం బ్యాటరీ త్వరగా నీరసిస్తుంది. అద్దాన్ని వెచ్చగా ఉంచే ఏర్పాటు, తొడుగుతోనూ నొక్కగలిగే పెద్ద మీటలు ఉన్న పరికరాలు మార్కెట్‌లో లేకపోలేదు. అయితే వాటిని కొనాలని నిర్ణయించాల్సినవారు ఆ గదిలో ఒక్క పూటైనా నిలబడి చూడాలి.

ఇక బీప్ శబ్దం. బయటివారికి ఇది అల్ప విషయంగా తోచవచ్చు, నా దృష్టిలో మాత్రం సగం తప్పులకు ఇదే వేరు. స్కానర్ బీప్ అన్నదంటే అర్థం లేబుల్ మీది గీతలను అది చదివిందని మాత్రమే. ఆ సరుకు ఈ ఆర్డర్‌కు చెందినదేనా, సిస్టమ్ దాన్ని ఒప్పుకుందా అన్నది ఆ తరువాత తేలే విషయం. చాలా పరికరాల్లో ఈ రెండింటికీ ఒకే శబ్దం, లేదా రెండోదానికి అసలు శబ్దమే లేదు. బీప్ వినగానే చేయి పెట్టెను ట్రాలీలో వేసేస్తుంది, కళ్ళు తరువాతి అర వైపు తిరుగుతాయి, తెర మీద వచ్చిన ఎర్రటి హెచ్చరిక ఎవరూ చూడకుండానే మాయమవుతుంది. పైగా కన్వేయర్ల రొద మధ్య, పక్కన పదిమంది స్కానర్లు ఒకే గొంతుతో అరుస్తుంటే తనది ఏదో పోల్చుకోవడం ఎవరి తరం? చదవడానికి ఒక చిన్న శబ్దం, ఒప్పుకోవడానికి మరొకటి, తిరస్కరించినప్పుడు చేతికి గట్టిగా తెలిసే కంపనంతో పాటు చూస్తేగానీ తొలగని హెచ్చరిక ఉండాలి. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా మీదే ఆధారపడితే ఆ రెండింటినీ వేరుచేసి చూడలేనివారికి అది అక్కరకు రాదు. రంగుతో పాటు ఆకారమూ మారాలి.

ఒకే అట్టపెట్టె మీద సరుకు కోడ్, బ్యాచ్ కోడ్, సీరియల్ నంబరు, రవాణా లేబుల్ అన్నీ ఉన్నప్పుడు ఏది స్కాన్ చేయాలన్నది మరో తలనొప్పి. బార్‌కోడ్లకు అంతర్జాతీయ ప్రమాణాలు రూపొందించే జీఎస్1 సంస్థ ప్రమాణం ప్రకారం ముద్రించిన కోడ్‌లో ప్రతి సమాచారానికీ ముందు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది: సరుకు నంబరుకు 01, బ్యాచ్‌కు 10, గడువు తేదీకి 17, సీరియల్‌కు 21, రవాణా యూనిట్‌కు 00. అంటే తన ముందుకు వచ్చింది ఏమిటో సాఫ్ట్‌వేర్‌కు ఇట్టే తెలుస్తుంది. తెలిసి కూడా ‘చెల్లని కోడ్’ అని కసురుకోవడం, కార్మికుడు మూడు లేబుళ్లను ఒక్కొక్కటిగా ప్రయత్నిస్తూ నిలబడటం దేనికి? ఏ క్రమంలో స్కాన్ చేసినా దేని స్థానంలో దాన్ని పెట్టుకోవడం పరికరం పని. కొంత బాధ్యత లేబుల్ ముద్రించేవారిదీ ఉందనుకోండి. అందం కోసం గీతలను ఎరుపు రంగులో ముద్రిస్తే, ఎర్రటి కాంతితో చదివే స్కానర్‌కు అవి తెల్ల కాగితంలో కలిసిపోయి కనిపించవు. మెరిసే ప్లాస్టిక్ పొర కింద లేబుల్ అతికించినా తిప్పలే.

తెర మీద వచ్చే మాటల గురించి ఎక్కువ చెప్పను. కార్మికుడు చదవగలిగే భాషలో, చేయి చాచిన దూరం నుంచి కనబడే అక్షరాల్లో, ఇప్పుడు ఏం చేయాలో చెప్పే వాక్యం ఉండాలి. నాలుగంకెల ఎర్రర్ నంబరు ప్రోగ్రామర్‌కు పనికొస్తుందేమో, ట్రాలీ దగ్గర నిలబడ్డ మనిషికి పనికిరాదు.

వేగం సంగతి కాస్త వివరించాలి. మనిషికీ కంప్యూటర్‌కూ మధ్య స్పందన గురించి దశాబ్దాలుగా చెప్పుకుంటున్న కొలతలున్నాయి: జవాబు 0.1 సెకనులో వస్తే అప్పటికప్పుడు వచ్చినట్టే అనిపిస్తుంది, 1 సెకను దాటితే చేస్తున్న పని మీది ధ్యాస తెగుతుంది, 10 సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. ఎత్తైన ఇనుప ర్యాక్‌ల మధ్య వైఫై సిగ్నల్ తరచూ సన్నగిల్లుతుంది. తెర మీద చక్రం తిరుగుతూ ఉంటే, అందలేదేమోనన్న అనుమానంతో ఎవరైనా మళ్ళీ ట్రిగ్గర్ నొక్కుతారు. సిగ్నల్ రాగానే రెండూ ఎక్కి ఒక పెట్టె రెండు పెట్టెలుగా లెక్కలో చేరుతుంది. దీనికి విరుగుడు ప్రోగ్రామర్లకు తెలియనిదేమీ కాదు. ప్రతి స్కాన్‌కు పరికరం తానే ఒక విడి సంఖ్య వేసి దాచుకుని, అందిందని అప్పటికప్పుడే చూపాలి, సిగ్నల్ లేకపోయినా పని సాగనివ్వాలి, పరికరం మళ్ళీ పంపడం వల్ల అదే సంఖ్య రెండోసారి వస్తే సర్వర్ దాన్ని పక్కన పెట్టాలి. మంచి సిగ్నల్ ఉన్న ఆఫీసు గదిలో కూర్చుని పరీక్షించినవారికి దీని అవసరం తోచదు, అంతే.

పైన చెప్పినవన్నీ పని సాఫీగా సాగుతున్నప్పటి సంగతులు. అసలు చిక్కు అది సాగనప్పుడు వస్తుంది. సిస్టమ్ 24 డబ్బాలున్నాయని చూపిస్తున్న అరలో 23 ఉంటాయి. ఒకటి పగిలి ఉంటుంది. లేబుల్ చిరిగి ఉంటుంది. ఒక సరుకు ఉండాల్సిన చోట మరొకటి ఉంటుంది. ఏ గిడ్డంగిలోనైనా ప్రతి షిఫ్ట్‌లో జరిగేవే ఇవి. అయినా చాలా స్కానర్లలోని తెరలు ఇటువంటివి ఎన్నడూ జరగవన్న నమ్మకంతో తయారైనట్టుంటాయి. తెర 24 అడుగుతుంది. 23 అని కొడితే ఒప్పుకోదు. ఒప్పుకున్నా కారణం కోడ్ అడుగుతుంది, ఆపైన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆ సూపర్‌వైజర్ గిడ్డంగికి ఆ చివర ఉంటాడు. అతను వచ్చేదాకా ట్రాలీ కదలదు, గంటకు ఇన్ని స్కాన్లన్న లెక్క పడిపోతూ ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న మనిషి 24 అని కొట్టేసి ముందుకు పోతాడు. సిస్టమ్‌కు అది తప్పులేని పనిగా కనిపిస్తుంది. లేని ఆ ఒక్క డబ్బా మాత్రం ప్యాకింగ్‌లోనో, కొనుగోలుదారు ఇంట్లోనో, సంవత్సరాంతపు లెక్కింపులోనో బయటపడుతుంది. అప్పటికి అది ఎక్కడ పుట్టిందో పట్టుకునే వీలుండదు.

ఇలాంటి అడ్డదారులు ఇంకా ఉన్నాయి. ఒకే రకం వస్తువులు 24 ఉంటే ఒక్కోదాన్నీ విడిగా స్కాన్ చేయాలని తెర పట్టుబడితే, చేతిలోని ఒక్క వస్తువునే 24 సార్లు స్కాన్ చేస్తారు. అర లేబుల్ మోకాలి కిందనో, తల పైనో ఉండి ప్రతిసారీ వంగాల్సి వస్తే, ఆ లేబుళ్ల నకళ్లను ఒక కాగితం మీద అతికించుకుని ట్రాలీకి కట్టుకుంటారు. యాజమాన్యాలకు ఇది మోసంగా కనిపిస్తుంది. నాకైతే ఆ కాగితం రూపకర్తకు అందిన ఫిర్యాదు పత్రంలా కనిపిస్తుంది: ఏ అరలు ఎక్కువ బాధ పెడుతున్నాయో అందులో వరుసగా ఉంటుంది. గిడ్డంగులే కాదు, ఆసుపత్రుల్లోనూ ఇదే జరిగింది. రోగులకు మందులిచ్చేటప్పుడు నర్సులు వాడే బార్‌కోడ్ పద్ధతిపై 2008లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనం 15 రకాల అడ్డదారులను, వాటికి 31 రకాల కారణాలను గుర్తించింది. చదవలేని కోడ్లు, పనిచేయని స్కానర్లు, ఛార్జి అయిపోయే బ్యాటరీలు, మాసిపోయిన చేతిపట్టీలు ఆ కారణాల్లో ఉన్నాయి. రోగి చేతిపట్టీకి నకలు తీసి వేరేచోట స్కాన్ చేయడం ఆ అడ్డదారుల్లో ఒకటి. ప్రాణాలతో ముడిపడిన పనిలో, శిక్షణ పొందిన నర్సులే ఇలా చేయాల్సి వచ్చిందంటే, దాన్ని మనుషుల నిర్లక్ష్యమని కొట్టిపారేయలేం.

అందువల్ల స్కానర్ తెరను గీసేటప్పుడు మొదట గీయాల్సింది ఈ తేడాల దారినే. ‘తక్కువ ఉంది’, ‘పాడైంది’, ‘వేరే సరుకు ఉంది’, ‘లేబుల్ చదవడం లేదు’ అన్న నాలుగు పెద్ద మీటలు ప్రతి తెర మీదా ఒకేచోట ఉండాలి. నొక్కగానే కావాలంటే ఒక ఫొటో తీసుకుని, ఆ తేడాను సూపర్‌వైజర్ జాబితాలోకి పంపి, కార్మికుణ్ణి తరువాతి పనికి వదిలేయాలి. అనుమతులు, విచారణలు వెనకాల జరగవచ్చు, వాటికోసం ట్రాలీని ఆపనక్కరలేదు. దొంగతనాలకు ఇది తలుపు తెరుస్తుందని అభ్యంతరం చెప్పేవారున్నారు. దొంగకు కావాల్సింది లెక్క సరిపోయిందని చూపడం. తక్కువ ఉందని పేరుతో, సమయంతో, ఫొటోతో తానే నమోదు చేయడం వల్ల అతనికి ఒరిగేదేముంది?

లెక్కింపు విషయంలో నా పట్టుదల ఇంకొంచెం ఎక్కువ. పికింగ్‌లో ఎన్ని తీయాలో తెర చూపించాలి, అందులో సందేహం లేదు. స్టాక్ లెక్కించేటప్పుడు మాత్రం సిస్టమ్‌లో ఎన్ని ఉన్నాయో ముందుగా చూపకూడదు. తెర మీద 140 అని కనిపిస్తే, అలసిపోయిన కళ్ళకు అరలో కూడా 140 ఉన్నట్టే తోస్తుంది. సంఖ్యను దాచి లెక్కించమంటే పని కొంత ఆలస్యమవుతుంది, తేడా వచ్చినచోట మరోసారి లెక్కించాలి. ఆ ఆలస్యాన్ని భరించలేమంటే లెక్కింపు పెట్టుకోవడంలోనే అర్థం లేదు.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ అమలుచేసినా వాటిని వమ్ము చేయగల విషయం ఒకటుంది. స్కానర్ సరుకుతో పాటు మనిషినీ కొలుస్తోంది. రెండు స్కాన్ల మధ్య ఎంతసేపు గడిచిందో లెక్కగట్టి దాన్ని ఖాళీ సమయంగా రాసే వ్యవస్థలు వచ్చేశాయి. ఫ్రాన్స్‌లో వ్యక్తిగత సమాచార పరిరక్షణ సంస్థ సీఎన్ఐఎల్ 2023 డిసెంబరులో అమెజాన్ ఫ్రాన్స్ లాజిస్టిక్‌కు జరిమానా విధించినప్పుడు అభ్యంతరపెట్టింది సరిగ్గా ఇలాంటి సూచికలనే: ముందు వస్తువు తరువాత 1.25 సెకన్లలోపే మరో వస్తువును స్కాన్ చేయడం, స్కానర్ 10 నిమిషాలు అంతకుమించి ఆగిపోవడం, 1 నుంచి 10 నిమిషాల మధ్య విరామాలు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో 2022 జనవరి 1 నుంచి అమలవుతున్న చట్టం ప్రకారం పెద్ద గిడ్డంగుల్లో పని లక్ష్యాలను కార్మికులకు రాతపూర్వకంగా తెలపాలి. భోజన విరామానికి, మరుగుదొడ్డికి వెళ్ళడానికి అడ్డుపడే లక్ష్యాలు చెల్లవు. ఈ చట్టాల మంచిచెడ్డలు న్యాయకోవిదులు చర్చిస్తారు. నేను చెప్పేది సరుకు లెక్క వైపు నుంచి. తేడాను నమోదు చేయడానికి పట్టిన అర నిమిషం ఖాళీ సమయంగా లెక్కకెక్కితే, నేను పైన చెప్పిన నాలుగు మీటలనూ ఎవరూ ముట్టుకోరు. ఉన్నది ఉన్నట్టు రాసినందుకు మార్కులు తగ్గే చోట అంతా సరిగ్గానే ఉన్నట్టు రాస్తారు. కాబట్టి తేడాలు నమోదు చేసే సమయాన్ని వేగం లెక్కలోంచి తీసేయాలి, ఆ సంగతి కార్మికులకు స్పష్టంగా చెప్పాలి, ఎవరి లెక్క వారు తమ స్కానర్‌లోనే చూసుకునే వీలుండాలి.

ఇవన్నీ ఎవరు కనిపెట్టాలి? మనిషి కేంద్రంగా రూపకల్పన ఎలా చేయాలో చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 9241-210 ఉండనే ఉంది. 2010లో వచ్చి 2019లో సవరణ పొందిన ఆ ప్రమాణం వాడేవారిని, వారి పనిని, పని జరిగే చోటును తెలుసుకున్నాకే రూపకల్పన మొదలుపెట్టమంటుంది. చివరిదాకా వాడేవారిని భాగస్వాములను చేయమని, వారు పరీక్షించి చెప్పినదాన్ని బట్టి మళ్ళీ మళ్ళీ దిద్దమని చెబుతుంది. ఆచరణలో మాత్రం వాడేవారి పేరుతో సమావేశానికి వచ్చేది మేనేజర్. అతనికి తెలిసింది నివేదికల్లో కనిపించే గిడ్డంగి. రూపకర్తలు రాత్రి షిఫ్ట్ చివరి రెండు గంటల్లో, మాట్లాడకుండా, ఒక మనిషి వెనక నడిచి చూడాలి. ఎక్కడ ఆగాడు, ఎక్కడ స్కానర్‌ను చంకలో ఇరికించుకున్నాడు, ఏ తెరను చదవకుండానే నొక్కేశాడు అన్నవి ప్రశ్నపత్రాల్లో రావు. కొత్తగా చేరినవారిని, అనుభవజ్ఞులను ఇద్దరినీ చూడాలి. మొదటివారికి దారి చూపే మాటలు కావాలి, రెండోవారికి అవే మాటలు అడ్డు. కాగితం మీద గీసిన తెరలతోనే తొలి పరీక్ష జరపవచ్చు, దానికి ఖర్చేమీ ఉండదు. ఆ పరీక్షకు వచ్చినవారి సమయానికి పూర్తి వేతనం ఇవ్వాలి, ఆ గంటలను వారి లక్ష్యంలోంచి తగ్గించాలి. లేకపోతే ఎవరూ మనసు విప్పి మాట్లాడరు.

యాజమాన్యాలకు ముందుగానే ఒక మాట చెప్పాలి. ఇలా రూపొందించిన స్కానర్‌ను ప్రవేశపెట్టిన తొలి వారాల్లో నమోదయ్యే తేడాల సంఖ్య పెరుగుతుంది. అప్పటిదాకా 24 అని కొట్టి దాటేసిన చోట్లన్నీ ఒక్కసారిగా పైకి వస్తాయి. కొత్త పరికరం పాడు చేసిందని కంగారుపడి పాతదానికి తిరిగిపోయే ప్రమాదం అప్పుడే ఎక్కువ. గంటకు ఎన్ని స్కాన్లన్న ఒక్క కొలతతో పరికరాన్ని తూచకుండా, వెళ్ళిన అర దగ్గరికే మళ్ళీ ఎన్నిసార్లు వెళ్ళాల్సి వచ్చింది, ఆర్డర్లు సరుకు లేక ఎన్ని ఆగిపోయాయి, లెక్కింపులో సిస్టమ్‌కూ అరకూ ఎంత తేడా వచ్చింది అన్నవి కొన్ని నెలలపాటు గమనిస్తే అసలు ఫలితం తెలుస్తుంది.

స్కానర్ల కొనుగోలుకు టెండర్లు పిలిచేవారికి ఒక విన్నపంతో ముగిస్తాను. ఎంత ఎత్తు నుంచి కాంక్రీటు మీద పడినా పగలకూడదు, బ్యాటరీ ఎన్ని గంటలు రావాలి అన్న షరతులు ఆ పత్రాల్లో ఇప్పటికే ఉంటున్నాయి. వాటి పక్కనే మరో రెండు చేర్చండి. అమ్మకందారు తన పరికరాన్ని కొనే గిడ్డంగిలోనే, రాత్రి షిఫ్ట్‌తో సహా, కనీసం రెండు వారాలు అక్కడి కార్మికుల చేత వాడించి చూపాలి, దాన్ని వద్దనే హక్కు ఆ కార్మికులకు ఉండాలి. పరికరం అమర్చిన తరువాత తెరల్లో మార్పులకు అయ్యే ఖర్చును మొదటి సంవత్సరమంతా ఒప్పందంలోనే కలపాలి, ఎందుకంటే వాడకంలోకి వచ్చాక తెలిసే లోపాలే ఎక్కువ.

ఇట్లు,
సరుకు లెక్కల విభాగంలో పనిచేస్తున్న ఒక పాఠకుడు